బాక్సులు గట్టిగా ఉంటే వంటగది మొత్తం పీకొద్దు

సంపాదకులకు నమస్కారం.

పదేళ్లు దాటిన మాడ్యులర్ కిచెన్‌ను మొత్తం పీకించి కొత్తది పెట్టించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. నిజానికి రంగు వెలిసేది, అంచు ఊడేది, తాలింపు జిడ్డు పట్టేది ముందున్న షట్టర్లకే, అంటే తలుపులకే. అవి బిగించిన వెనక బాక్సులు చాలా ఇళ్లలో ఇంకా గట్టిగానే ఉంటాయి. బాక్సులు తీయాలంటే గ్రానైట్ గట్టు లేపాలి. లేపేటప్పుడు సింకు కోత దగ్గరో, స్టవ్ కోత దగ్గరో రాయి విరిగే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ మిగిలేది సన్నటి పట్టీయే. గట్టు పోతే దాని వెంట టైల్స్, ప్లంబింగ్ పని కూడా నెత్తిన పడతాయి.

అన్నిటికంటే సులువైన పని పాత ఇళ్లలోనే. కడప బండలు నిలబెట్టి, పైన గ్రానైట్ పరిచి, ముందు చెక్క ఫ్రేము బిగించిన వంటగదుల్లో బాక్సు అంటే రాయే. దానికి చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు. ఫ్రేము కదలకుండా ఉంటే కొత్త షట్టర్లు తగిలించుకుంటే చాలు. అలాంటి వంటగదిని పగలగొట్టి, చెక్క పొట్టును అదిమి చేసే పార్టికల్ బోర్డు బాక్సులు పెట్టించుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

చెక్క బాక్సులైతే ఆర్డరు ఇచ్చేముందు సింకు కింద ఖాళీ చేసి, అడుగు పలకలో, వెనక మూలల్లో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మొన దిగబడితే ఆ ఒక్క బాక్సు మార్చుకోవాలి. గోడ వెంట మట్టి గీతలున్నా, పలక తడితే డొల్లగా మోగినా అది చెద. ముందు మందు పెట్టించాలి. చెద గోడలో ఉండగా కొత్త చెక్క తెచ్చి పెట్టడమంటే దానికి మేత వేయడమే. తర్వాత బాక్సు ముందు భాగాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే బాక్సు ఒరిగిందని అర్థం. అడుగున కాళ్లు తిప్పి సరిచేశాకే షట్టర్ల కొలత తీయాలి.

ఎక్కువ పనులు చెడేది కొలతల దగ్గరే. పాత షట్టరు తడికి ఉబ్బి ఉండొచ్చు కాబట్టి కొలత బాక్సుకే తీయాలి, అదీ పైన, మధ్యన, కింద మూడుచోట్ల. షట్టరు బాక్సు అంచులను పూర్తిగా కప్పే పద్ధతిలో 600 వెడల్పు, 720 ఎత్తు ఉన్న బాక్సుకు షట్టరు 597, 717 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు తలుపులైతే ఒక్కోటి 297 వెడల్పు. ఇవి ఎడ్జ్ బ్యాండ్ (ప్లై అంచులకు అంటించే పట్టీ) అంటించాక ఉండాల్సిన కొలతలు. 2 మిల్లీమీటర్ల బ్యాండ్ వేయాలంటే ప్లైని 593, 713కే కోయాలి. ఇది మరచి 597కే కోస్తే బ్యాండ్ అంటించాక 601 అవుతుంది, పక్క షట్టరును రాసుకుని తెరుచుకోదు. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటులో ఈ సైజువి ఆరు వస్తాయి, డిజైన్ గీతలు నిలువుగానే ఉంటాయి. మిగిలిన ముక్క సొరుగుల ముందు పలకలకు పనికొస్తుంది. పది షట్టర్లకు వృథాతో కలిపి 30 మీటర్ల ఎడ్జ్ బ్యాండ్ తెప్పించుకోవాలి.

18 మిల్లీమీటర్ల ప్లైకి బయట 1 మిల్లీమీటరు లామినేట్ (సన్‌మైకా లాంటి పలుచటి షీటు) వేసి, లోపల రంగు కొట్టి వదిలేస్తే డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ గాలిలో తేమ మారినప్పుడల్లా రెండు ముఖాలూ ఒకేలా సాగవు, షట్టరు విల్లులా వంగుతుంది. హింజ్ (తలుపు మడతబందు) స్క్రూలు ఎంత తిప్పినా ఆ వంపు పోదు. లోపల కూడా 0.8 లామినేట్ ఉండాల్సిందే. పొయ్యి పక్కన ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసే పలక) మీద పీవీసీ ప్లాస్టిక్ పొర అతికిన షట్టర్లు వద్దు, వేడికి మూలలు లేస్తాయి. గాడులున్న డిజైన్లూ అక్కడ వద్దు, వాటిలో చేరిన జిడ్డు గుడ్డకు అందదు.

హింజ్ గుంత 35 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 12 లోతు. 18 ప్లైలో ఆ తర్వాత మిగిలేది 6 మాత్రమే. మధ్యలో పొడవాటి మొన ఉన్న మామూలు డ్రిల్ బిట్టు వాడితే బయటి లామినేట్‌కు చిల్లు పడుతుంది. గుంత అంచు షట్టరు అంచుకు 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే చాలు. 900 ఎత్తు వరకు రెండు హింజ్‌లు, అది దాటితే మూడు. హింజ్ చేతికుండే వంపును క్రాంక్ అంటారు. షట్టరు బాక్సు అంచులను పూర్తిగా కప్పితే సున్నా క్రాంక్, ఒకే పలకను రెండు షట్టర్లు పంచుకుంటే 8, ఫ్రేము లోపలికి కూర్చుంటే 16. పాత హింజ్ ఒకటి విప్పి షాపుకు తీసుకెళ్తే పొరపాటు జరగదు. బాక్సులో పాత స్క్రూ రంధ్రాలు వదులైతే లావు స్క్రూ ఎక్కించొద్దు, పార్టికల్ బోర్డు పొడైపోతుంది. హింజ్ ప్లేటును కాస్త పైకో కిందికో జరిపి బిగించాలి.

సొరుగు ముందు పలకను డబుల్ టేపుతో నిలిపి, సమంగా ఉందో లేదో చూశాక లోపలి నుంచి స్క్రూలు వేయాలి. లోపలి సొరుగు డబ్బా పలక 12 మిల్లీమీటర్లదైతే అంగుళం స్క్రూ సరిపోతుంది. ఒకటిన్నర అంగుళందైతే మొన బయటికి పొడుచుకొస్తుంది.

ఇంటీరియర్ షాపులవారు షట్టర్లకు మాత్రమే విడిగా రేటు చెప్పాలి. బాక్సు, తలుపు వేరువేరుగా అమ్మే పద్ధతి 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచినప్పటి నుంచీ మన కళ్లముందు ఉన్నదే. బిల్లులో ‘మరైన్ ప్లై’ అని రాస్తే చాలదు. ఐఎస్ 710 (మరైన్ ప్లై ప్రమాణం) ప్లైనో, ఐఎస్ 303 (సాధారణ వాడకం ప్లై ప్రమాణం) ప్లైనో, రెండు వైపులా ఏ మందం లామినేటో, హింజ్‌లు ఎన్నో రాయాలి. కొనేవాళ్లు కూడా షీటు కోయకముందే దాని మీది ఐఎస్ఐ ముద్రను, సీఎం/ఎల్ నంబరును (తయారీదారు లైసెన్సు నంబరు) ఫొటో తీసి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలి. లామినేట్ అతికాక ఆ ముద్ర ఇక ఎవరికీ కనిపించదు.

— ఒక వడ్రంగి, విజయవాడ