ఆ 'అమ్'ను తీసేయకు

ప్రియ మిత్రమా,

ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు 'అమ్', 'యూ నో', 'లైక్' అన్నవి నోట రాకుండా కట్టడి చేసుకుంటున్నానని, శిక్షకుడు వాటిని లెక్కపెట్టి మరీ చూపిస్తున్నాడని రాశావు. నీ పట్టుదల మెచ్చుకోదగినదే. కానీ నువ్వు ఏరి పారేస్తున్నవన్నీ పొల్లు మాటలు కావని నా గట్టి నమ్మకం.

'అ', 'అమ్' సంగతే చూడు. మాట్లాడేవారు కొద్దిపాటి జాప్యానికి ముందు 'అ' అనీ, అంతకంటే పెద్ద జాప్యానికి ముందు 'అమ్' అనీ అంటారని మనస్తత్వ శాస్త్రవేత్తలు హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. తగిన మాట కోసం వెతుక్కుంటున్నాను, నా వంతు ఇంకా అయిపోలేదు అని ఎదుటివారికి ముందుగా తెలియజేయడమే అది. ఆ సంకేతం ఇవ్వకుండా ఉన్నట్టుండి ఆగిపోతే, నువ్వు ముగించావనుకుని అవతలివారు మాట అందుకుంటారు.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది 'వెల్'. రేపు రాగలవా అని ఒకరు అడిగారనుకో. వచ్చేవాడైతే వెంటనే సరే అంటాడు; రాలేనివాడు 'వెల్...' అని కాస్త సాగదీస్తాడు. కాదన్న మాట పైకి రాకముందే అడిగినవారికి విషయం అర్థమై, "పోనీ, ఎల్లుండి?" అని తామే దారి చూపిస్తారు. ఇద్దరిలో ఎవరి మనసూ నొచ్చుకోకుండా కాపాడిన ఆ చిన్న మాటను తప్పుల పట్టీలో ఎక్కించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

'లైక్'ను ఈ కాలపు అమ్మాయిలే పాడుచేశారని చాలామంది నిందిస్తారు. కానీ పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన న్యూజిలాండ్ వాసుల మాటల్లోనూ అది దొర్లేదని భాషా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా డార్సీ పరిశోధనలు చూపించాయి. 'షీ వజ్ లైక్' అని మొదలుపెట్టి ఒకరి మాటను చెప్పేటప్పుడైతే అది మరో పని చేస్తుంది: ఇవి ఆమె అన్న మాటలే కాకపోవచ్చు, ఆమె ధోరణి మాత్రం ఇదీ అని వినేవారికి అర్థమవుతుంది.

నీ శిక్షకుడితో నేను ఏకీభవించేది ఒక్క చోటే. ప్రతి వాక్యాన్నీ 'బేసికల్లీ' అనో 'యాక్చువల్లీ' అనో ఎత్తుకోవడం మానాలి. మొదటిది సారాంశం చెప్పబోతున్నట్టు, రెండోది ఒక అపోహను సరిదిద్దబోతున్నట్టు ఆశ పెడతాయి, తరువాత అలాంటిదేమీ రాకపోతే వినేవారికి విసుగు పుడుతుంది. ముందే రాసుకున్న ఉపన్యాసంలో మాట కోసం తడుముకోవలసిన పని ఉండదు కనుక అక్కడ 'అమ్' కూడా తగ్గవచ్చు. ముఖాముఖి సంభాషణలో మాత్రం దాన్ని ఉండనివ్వు.

నీ తాజా అభ్యాసం రికార్డు చేసి ఉంటే పంపు. ఏది ఉంచాలో, ఏది తీయాలో ఇద్దరం కలిసి విని గుర్తులు పెడదాం.

ఇట్లు,
నీ స్నేహితుడు