తవ్వేటోళ్లు అడగని అనుమతి, పూడ్చేటోళ్లకు ఎందుకు?

అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుట్ట మీద గుప్తనిధుల కోసం తవ్వి వదిలేసిన గుంతల గురించి మేమిచ్చిన అర్జీలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియదు. అడిగితే ఒకరు పురావస్తు శాఖ పని అంటారు, ఇంకొకరు రెవెన్యూ అంటారు. నేల రిజర్వు ఫారెస్టుది కాబట్టి మీకే రాస్తున్నాం.

గుప్తనిధుల వాళ్లు ఎప్పుడొస్తారో కనిపెట్టడానికి నిఘా అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్లో అమావాస్య చూస్తే చాలు. తెల్లారి పోతే కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, ఖాళీ సీసాలు, వాటి పక్కన కొత్త గుంత. మెటల్ డిటెక్టర్ ఉన్నా ఇదే తీరు. పాత ఇనుప కొలుముల చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) పడున్న నేలలో అది అడుగడుగునా మోగుతుంది. నాణెమంత వస్తువునైతే జానెడు, జానెడున్నర లోతు దాటితే పట్టడమే కష్టం. వీళ్లు మాత్రం మోగిన ప్రతిచోటా నిలువెత్తు తవ్వుతారు. రాక్షస గుళ్లనూ, అంటే పెద్ద రాళ్లు పేర్చిన పాతకాలపు సమాధులనూ వదలరు. వాటి కింద ఉండేవి ఎముకలు, కుండలు, తుప్పు పట్టిన ఇనుప సామాను.

ఆరడుగుల లోతు, నిట్టనిలువు గోడలు. మోదుగాకు, టేకాకు రాలి పైన కప్పేస్తే గుంత ఉన్నట్టే తెలియదు. నక్షత్ర తాబేలు పడితే ఎక్కలేదు, నీళ్లు నిండితే ఈదలేదు. రక్తపింజర పడితే అక్కడే ఉంటుంది, పడ్డ మేకపిల్ల కోసం దిగే కాపరికి ఎదురుగా. ఎలుగుబంటి ఉండే బండల సందు తవ్వితే అది చేలల్లోకి దిగుతుంది. అప్పుడు మాత్రం వలలు, మత్తు తుపాకీ పట్టుకొని మీవాళ్లు వస్తారు, సంతోషం. ఇక నిధి చూపిస్తుందని సంచిలో వేసుకుపోయే రెండు తలల పాముకు ఉన్నది ఒక్క తలే. రెండోది మొద్దు తోక. పొలంలో ఎలుకలు తినే జీవి అది.

పూడ్చడం పెద్ద పనేం కాదు. ముందురోజు సాయంత్రం గరుకు బెరడున్న కొమ్మ ఒకటి ఏటవాలుగా దించి ఉంచాలి, ఎక్కగలిగినవి రాత్రికి ఎక్కిపోతాయి. పొద్దున టార్చి వేసి చూసి, తాబేలు ఉంటే గంపతో తీయాలి. మట్టి ఒకేసారి తోస్తే మొదటి వానకే కుంగి మళ్లీ గుంత పడుతుంది. అడుగు మందం పోసి దిమ్మిస కొట్టాలి, మళ్లీ అడుగు పోయాలి, చివరన నేలకన్నా అరడుగు ఎత్తు ఉంచాలి. రాక్షస గుళ్ల దగ్గరైతే పురావస్తు వాళ్లు ఫొటోలు తీసి, తవ్విపోసిన మట్టి జల్లెడ పట్టాకే పూడ్చాలి. లేకుంటే మిగిలిన పెంకులూ పోతాయి.

ఇవన్నీ మీ శాఖకు తెలియనివా? 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. మేం గుంతల లెక్క రాసిస్తే మాత్రం తీసుకునే దిక్కు లేదు. మేమే పూడుస్తామంటే, అనుమతి లేకుండా ఫారెస్టులో పార పడితే కేసన్నారు. గడ్డపారలతో వచ్చేటోళ్లకు లేని కేసు మాకేనా సార్?

మనుషులం ఉన్నాం, పారలున్నాయి, దిమ్మిసలున్నాయి. అమావాస్య రాత్రి ఇద్దరు బీట్ వాళ్లను గుట్ట మీద ఉంచండి. మిరుగుకు (మృగశిర కార్తెకు) ముందే అనుమతి కాగితం ఇప్పించండి. దయచేసి, ఈసారైనా ఇప్పించండి.

ఇట్లు,
గుట్ట కింది ఊళ్లవాళ్లం