ఆ తాళంచెవి మేకుకే వేలాడాలి

ప్రియమైన మిత్రమా,

నీకు పదోన్నతి వచ్చిందనీ, వచ్చే నెల పెద్ద హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడిగా చేరబోతున్నావనీ తెలిసి మా ఇంట్లో అందరమూ ఎంతో సంతోషించాము. ఆ బడికి మేడ ఉందనీ, పైన నాలుగు తరగతి గదులు నడుస్తున్నాయనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఒక విషయం నా మనసులో మెదులుతూనే ఉంది. ఫోనులో అయితే సగం చెప్పి సగం మరిచిపోతానని ఉత్తరమే రాస్తున్నాను.

కిందటేడు ఆగస్టులో, ముసురు పట్టిన ఒక ఉదయం, మా బడిలో ఏడో తరగతి గది స్విచ్‌బోర్డు అంటుకుంది. తీగలకు టేపు చుట్టి ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న బోర్డు అది. మొదట ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, వెనువెంటనే బోర్డు చిటపటలాడింది, చూస్తుండగానే దాని పైన అంటించిన చార్టులు భగ్గుమన్నాయి. నేను పరుగున వెళ్లి మెయిన్ ఆపేశాను. అది సరైన పనే, కానీ పిల్లలందరినీ బయటికి పిలవడానికి గంట నొక్కితే మోగలేదు, ఎందుకంటే మాది కరెంటు గంట. ఇంతలో వరండా చివరనున్న గ్రిల్ తలుపు వైపు పరుగెత్తిన పిల్లలు అక్కడే ఆగిపోయారు. దానికి తాళం వేసి ఉంది, తాళంచెవి మా అటెండరు జేబులో ఉంది, ఆయన కాగితాలు ఇచ్చి రావడానికి మండల కేంద్రానికి వెళ్లాడు. మరుగుదొడ్ల మరమ్మతు కోసం పోసిన ఇసుకను తట్టలతో తెచ్చి చల్లి మంటను ఆర్పగలిగాము, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ గ్రిల్ ఊచలను పట్టుకుని నిలబడ్డ చిన్న చేతులు నాకు ఈనాటికీ కళ్లముందు కదులుతాయి.

కుంభకోణం సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2004 జూలై 16న, తమిళనాడులోని ఆ ఊరి బడిలో, మధ్యాహ్న భోజనం వండే పాకలో లేచిన మంట తాటాకు కప్పుకు అంటుకుని, అక్కడి నుంచి పై అంతస్తులో చిన్నపిల్లలు కూర్చున్న తరగతుల కప్పుకు పాకింది. మెట్లదారి ఇరుకు, కప్పు కాలుతూ పిల్లల మీదే కూలింది, 94 మంది పసివాళ్లు చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత వేసిన పిటిషన్ మీద 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, దేశంలోని ప్రతి పాఠశాలలోనూ మంటలార్పే పరికరాలు ఉండాలనీ, సిబ్బందికి వాటిని వాడడంలో శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది. మనకు ఇప్పుడు తాటాకు కప్పులు లేవు కదా అని చాలామంది అంటారు. కప్పు మారింది నిజమే, కానీ ఒకటే మెట్లదారి, తాళం వేసిన తలుపు, తరగతి పక్కనే పొయ్యి, ఈ మూడూ మన బడుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

అందుకే నువ్వు చేరిన మొదటిరోజే ఒక్క పని చెయ్యి. బడి నడిచే వేళల్లో బయటికి వెళ్లే ఏ తలుపుకూ తాళం ఉండకూడదని గట్టిగా చెప్పు. పశువులు వస్తాయనో, పిల్లలు పారిపోతారనో తప్పనిసరిగా వేయవలసి వస్తే, ఆ తాళంచెవి ఆ తలుపు పక్కనే మేకుకు వేలాడాలి, ఎవరి జేబులోనూ ఉండకూడదు. మేడ మెట్ల కింద పాత బల్లలు, విరిగిన కుర్చీలు, మూల్యాంకనం అయిపోయిన జవాబు పత్రాల కట్టలు పేర్చడం మనకు అలవాటు. దిగిరావలసిన దారి కిందనే కట్టెలు పేర్చుకున్నట్టు అది. వాటిని ఎంత గొడవైనా సరే ఖాళీ చేయించు. గంట విషయంలో నా మాట విను, పాతకాలపు రైలు పట్టా ముక్క ఒకటి సంపాదించి వరండాలో కట్టించు. కరెంటు ఉన్నా లేకపోయినా మోగే గంట అదొక్కటే. మేము ఇప్పుడు మా వేపచెట్టుకు కట్టుకున్నాము.

మంటలార్పే సిలిండరు మీ బడిలోనూ ఉండే ఉంటుంది, బహుశా బీరువా వెనకాల. మాది అలాగే ఉండేది. దుమ్ము తుడిచి చూస్తే దాని మెడ దగ్గరున్న చిన్న గడియారం లాంటి మీటరులో ముల్లు పచ్చగీత దాటి ఎర్రగీతలోకి వాలిపోయి ఉంది, అంటే లోపల ఒత్తిడి లేదు. ముల్లు పచ్చలో ఉంటేనే అది పనిచేస్తుంది. సీలు తెంచి పిన్ను లాగడం, గొట్టాన్ని మంట కొనలకు కాక మొదలుకు గురిపెట్టడం, మీట నొక్కి అటూ ఇటూ ఊపడం, ఇంతే దాని విద్య. ఆ పొడి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది కనుక దాన్ని చిన్న మంటకే నమ్ముకోవాలి. మంట మనిషి ఎత్తు దాటితే సిలిండరును వదిలేసి పిల్లలను తీసుకుని బయటికి రావడమే పని, ఆ తరువాత 101కు ఫోను.

వంట షెడ్డు గురించి ఒక మాట. గ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది, అందుకని వాసన తగలగానే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా తలుపులు తెరవమని వండే అక్కలకు చెప్పు. నూనె మూకుడు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూతపెట్టి పొయ్యి ఆపాలి. ఒంటి మీద బట్టలు అంటుకున్న పిల్ల పరుగెత్తకుండా నేలమీద దొర్లాలని, కాలిన చోట సిరా, పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలని పిల్లలకే నేర్పితే మరీ మంచిది, వాళ్లు ఇంటికి వెళ్లి తల్లులకు చెబుతారు.

వార్షికోత్సవం వచ్చినప్పుడు నేను చెప్పేది తప్పక గుర్తుచేసుకో. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి బహుమతుల సభలో సింథటిక్ షామియానా అంటుకుని నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మనమూ అదే గుడ్డ కడతాము, దాని మీదే సీరియల్ లైట్లు పాకిస్తాము. కనీసం రెండు వైపులా వెడల్పుగా దారి వదిలించు.

అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి, అప్పటికి మనకు ఒంటిపూట బడులు, పరీక్షల హడావిడి. ఫొటో దిగి పంపడం తప్ప నిజమైన సాధన జరగదు. అందుకే మేము కుంభకోణం దుర్ఘటన జరిగిన జూలై 16ను ఎంచుకున్నాము. ముందుగా చెప్పకుండా పట్టా గంట ఆగకుండా మోగిస్తాము, ప్రతి ఉపాధ్యాయుడూ హాజరు పట్టీ చేత్తో పట్టుకుని తన తరగతిని మైదానంలోకి తెచ్చి పేరుపేరునా పిలుస్తాడు. మొదటిసారి పిల్లల్లో సగం మంది పుస్తకాల సంచుల కోసం వెనక్కి పరుగెత్తారు. ఆరో తరగతి పాప ఒకతె, కొత్త సంచి పోతే నాన్న కొడతాడని ఏడుస్తూ నిలబడిపోయింది. ఆ సాయంత్రమే ఆ తండ్రిని పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాము. ఇప్పుడు ఆ పాపే తన వరుసకు ముందు నడుస్తుంది.

మీ మేడకు రెండో మెట్లదారి ఉందో లేదో చూసి నాకు వెంటనే రాయి. లేకపోతే పైగదుల్లో చిన్న తరగతులు పెట్టకు, పదో తరగతిని పైకి పంపి ఆరో తరగతిని కిందికి దించు. ఏ తరగతి ఏ దారిన దిగాలో మేము గీసుకున్న పటం నకలు ఈ ఉత్తరంతో పాటే పెడుతున్నాను, మీ గదులకు తగ్గట్టు మార్చుకో.

నీ మిత్రుడు