ముందు మరమ్మతు లెక్క, తర్వాతే ఇంటి ధర

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు, ఆ పాత ఇంటికి 32 లక్షలు చెబుతున్నారు, 30కి దిగుతారట, ఆదివారం బయానా ఇచ్చేస్తాం అన్నావు. రాత్రి చాలాసేపు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో ఇవన్నీ చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ఆ ఇల్లు వద్దని నేను అనడం లేదు. పాత పాలమూరులో, పిల్లల బడికి నడిచిపోయేంత దూరంలో, జడ్చర్ల బస్సుకు దగ్గర. అట్లాంటి చోటు మళ్లీ దొరకడం కష్టం. నా టెన్షన్ అంతా ధర గురించే. మీరు ముందు ధర ఒప్పుకుని, చేతిలో ఏం మిగిలితే దానితో రిపేర్లు చేయిద్దామని చూస్తున్నారు. పాత ఇంటికి లెక్క అట్లా వేయకూడదు. ముందు ఆ ఇల్లు నిలబడడానికి ఎంత కావాలో తీసి పక్కన పెట్టాలి, మిగిలిందే ఇంటి ధర. అమ్మేవాళ్లు ఎంత చెబుతున్నారన్నది ఆ తర్వాతి మాట.

మీ లెక్కే చూద్దాం. మీరు దాచుకున్నది, అల్లుడి పీఎఫ్ కలిపి 18 లక్షలు అన్నావు. లోన్ 20 లక్షలు తీసుకుంటే, 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు ఈఎంఐ నెలకు 17,350 దాకా పడుతుంది. మొత్తం 38. ఇందులో 2 లక్షలు ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు, పిల్లల జ్వరాలకు, అల్లుడి కంపెనీలో ఏదన్నా తేడా వస్తే రెండు మూడు ఈఎంఐలకు అవే దిక్కు. మిగిలింది 36. పోయిన ఆదివారం ఇల్లంతా తిరిగి చూశాక నా అంచనాలో పని 7 లక్షలది. పాత ఇంట్లో గోడల పూత, అదే గిలాబు, పగలగొడితేగానీ లోపల ఏముందో తెలియదు, కాబట్టి దాని మీద ఇంకో పావు వంతు, 1.75 లక్షలు కలపాలి. వకీలుకు, బ్యాంకు ఫీజులకు, సామాను మోయించడానికి ఒక యాభై వేలు. ఇవన్నీ తీసేస్తే 26.75 లక్షలు మిగులుతాయి. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, అది కూడా ఈ 26.75లోంచే పోవాలి. అంటే మీరు ఆ ఇంటికి ఇవ్వగలిగింది 24.88 లక్షలు. 25 అనుకో.

30 లక్షలకు ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా వేశాను. రిజిస్ట్రేషన్ 2.25, పై ఖర్చులు యాభై వేలు, మొత్తం 32.75. మిగిలేది 5.25, అందులో ముట్టుకోని రెండు లక్షలు పక్కన పెడితే పని కోసం ఉండేది 3.25. ఏడు లక్షల పనికి మూడుంపావు! అప్పుడేం చేస్తారో నాకు తెలుసు. చిట్టీ పాట పాడి నష్టానికి ఎత్తుకుంటారు, లేకపోతే నీ బంగారం బ్యాంకులో పెడతారు. ఆ డబ్బులు కూడా గృహప్రవేశానికి వచ్చే చుట్టాలకు కనిపించే టైల్స్‌కు, సీలింగ్‌కు పోతాయి, పైన స్లాబు మాత్రం అట్లాగే కారుతుంది. నేను ఇళ్ల పని చేసిన ఊళ్లన్నిట్లో ఇదే చూశాను.

స్లాబు అన్నాను కదా, ఆ విషయం వివరంగా చెబుతాను. ముందు భాగంలో వంటింటి స్లాబు కింద, కిటికీ సజ్జ దగ్గర, అరచేతి వెడల్పున పెచ్చు ఊడి సలాక కనిపిస్తోంది. నువ్వు చూశావో లేదో, దానికి అటూ ఇటూ సున్నం మీద గోధుమ రంగు గీత పారింది, సలాక పొడుగునా తుప్పు పట్టిందని దాని అర్థం. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును కిందికి తోసేస్తుంది. నేను కర్రతో తట్టి చూశాను, ఆ మూల నుంచి పొయ్యి గట్టు దాకా డొల్లగా పలికింది. దాని మీద కొత్తగా గిలాబు కొట్టించి రంగు వేస్తే కొన్నాళ్లకు అది కూడా ఊడి పడుతుంది. డొల్లగా ఉన్నదంతా కొట్టేయాలి, సలాకలు వైరు బ్రష్‌తో రుద్ది తుప్పు పట్టని మందు పూయాలి, సన్నబడ్డ చోట కొత్త సలాక కలపాలి, ఆ తర్వాత పాలిమర్ మోర్టార్, అంటే పాలిమర్ కలిపిన సిమెంటు మాలు, నింపాలి. ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిపించి చూపించు, ఆయన ఫీజు ఎంతైనా సరే ఇవ్వు. పైన వాటర్ ప్రూఫింగ్ చేసి, నీళ్లు పైపు వైపు పోయేలా వాలు పెట్టించాలి. పని అయ్యాక నీళ్ల గొట్టాలు మూసి ఒక రోజంతా పైన నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే మేస్త్రీకి చివరి డబ్బులు ఇవ్వాలి. ఇదంతా లక్షన్నర.

ఇంకో మాట, కాంక్రీటు పనికి ఆ ఇంటి బోరు నీళ్లు వాడనీయకు. నోట్లో పోసుకుని చూశాను, ఉప్పగా ఉన్నాయి. క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు సలాకలు వేసే కాంక్రీటుకు పనికిరావని కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456లోనే ఉంది. నల్లా నీళ్లు పట్టించు, లేకపోతే మంచి నీళ్ల ట్యాంకర్ తెప్పించు.

నడిమి అర్రలో ఒక్క గోడకే కొత్తగా రంగు వేశారు, అది కూడా కింది నుంచి మూడు ఫీట్ల ఎత్తు దాకానే. నేల నుంచి చెమ్మ పైకి ఎక్కి ఉప్పు తేలే ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ఇల్లు అమ్మేవాళ్లు అట్లా రంగు వేయడం మామూలే, కొనేవాళ్లం మనం చూసుకోవాలి. అది రాతి గోడ, మట్టితో కట్టింది, వెడల్పు ఒకటిన్నర ఫీటు ఉంటుంది. దానికి సిమెంటు గిలాబు కొడితే లోపలి చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. పాత గిలాబు చెమ్మ కనిపించేదానికంటే ఒక ఫీటు పైదాకా కొట్టేసి, గోడను బాగా ఆరనిచ్చి, సున్నంతోనే గిలాబు చేయించాలి. సున్నం పని తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ, కానీ మన పాలమూరులో దొరకకుండా పోరు, దేశమంతా తిరిగి డ్యాములు, బిల్డింగులు కట్టిన జిల్లా ఇది. నేను ఇద్దరిని అడిగి పెట్టాను.

వెనక భాగం మట్టి మిద్దె. దూలాలు టేకువి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, ఒక్క చోట తప్ప దిగలేదు, చెదలు ఆ ఒక్క దూలం కొసకే ఉన్నాయి. అల్లుడు అది కొట్టేసి స్లాబు పోద్దాం, తర్వాత పైన ఇంకో అంతస్తు వేద్దాం అన్నాడు కదా. ఆ ఆలోచన మానుకోమని చెప్పు. ఆ గోడల కింద పిల్లర్లు లేవు, పునాది మీద గోడల కింద పోసే కాంక్రీటు ప్లింత్ బీమ్ లేదు. మట్టితో కట్టిన రాతి గోడ మీద స్లాబు బరువు పెడితే గోడ విచ్చుకుంటుంది. స్లాబే కావాలంటే పిల్లర్లు లేపి కొత్తగా కట్టాలి, అది రిపేరు కాదు, ఇంకో ఇల్లు కట్టినంత ఖర్చు. పైన మట్టి దింపేసి, ఆ దూలాల మీదే షీట్లు వేయించి, కింద చెక్క సీలింగ్ కొట్టిస్తే లక్షన్నరలో అయిపోతుంది. గోడలు అంత మందంగా ఉన్నాయి కాబట్టి ఎండాకాలంలో కూడా ఆ అర్ర కొంత చల్లగానే ఉంటుంది. నాకైతే ఆ ఇంట్లో నచ్చింది ఆ వెనక భాగమే. నడిమి గోడ తీసి పెద్ద హాలు చేద్దామన్న మాట కూడా వద్దు, పై బరువంతా ఆ గోడే మోస్తోంది.

వైరింగ్ అంతా మార్చాలి. బోర్డు విప్పి చూశాను, పాత అల్యూమినియం వైర్లు, ఎర్తింగ్ పేరుకు మాత్రమే ఉంది. ఏసీకి 4 ఎంఎం, గీజరు, ఫ్రిజ్ పాయింట్లకు 2.5 ఎంఎం రాగి వైరు వేయించు, మెయిన్ దగ్గర, షాక్ కొడితే కరెంటు వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించు, పిల్లలున్న ఇల్లు. లక్షా ఇరవై వేలు. బాత్రూంలో పాత ఇనుప పైపులు ఉప్పు పేరుకుని సగం మూసుకుపోయాయి, వాటితో పాటు మోరి, సెప్టిక్ ట్యాంకు పని కలిపి లక్షా అరవై వేలు. మిగిలిన లక్షా ఇరవై వేలు చెమ్మ గిలాబుకు, రంగులకు. ఏడు లక్షలూ ఇక్కడికే సరి, మాడ్యులర్ కిచెన్, కొత్త గేటు ఇందులో లేవు. వాటిని వచ్చే ఏడు చూసుకోండి. పైకప్పు పనులు మృగశిర కార్తె లోపల ముగించి, ఒక వానాకాలం ఆ ఇంట్లో ఉంటే ఎక్కడ కారుతుందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఇల్లే చూపిస్తుంది. టైల్స్ ఇప్పుడే వేసి, తర్వాత పైపు కోసం పగలగొట్టుకోవడం ఎందుకు? పని జరిగే మూడు నెలలూ ఇప్పటి ఇంటి కిరాయి 9 వేలు, ఈఎంఐ రెండూ కట్టాలి, నెలకు 26 వేల పైన. అది మీ జీతాల్లోంచి వెళ్లగలదో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇక కాగితాలు. దస్తావేజు ఇప్పటికీ చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంది. అమ్మే ఆయనకు ఇద్దరు అక్కలున్నారని పక్కింటావిడ చెప్పింది. వాళ్లకు పెళ్లిళ్లప్పుడే కట్నాలిచ్చి పంపాం అని ఆయన అంటాడేమో, ఆ మాట చెల్లదు. వీలునామా లేకుండా పోతే తండ్రి స్వార్జితంలో ఆడపిల్లలకు 1956 చట్టం నుంచే సమాన వాటా ఉంది, 2005 సవరణతో పిత్రార్జితంలో కూడా కొడుకులతో సమానం. అక్కలిద్దరూ వచ్చి రిజిస్ట్రేషన్‌లో సంతకం పెట్టాలి. వాళ్ల వాటా వాళ్లకు ముట్టిందని నీ మనసుకు కూడా తెలియాలి, నువ్వూ ఒక ఇంటి ఆడపిల్లవే. ముప్పై ఏళ్ల ఈసీ (ఇంటి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (ఇంటి పాత దస్తావేజులు) తీసుకుని మన సొంత వకీలుకే చూపించు, వాళ్లు చూపించే వకీలు వద్దు. ఇంటి పన్ను, నల్లా, కరెంటు బాకీలు వాళ్లే కట్టాలని అగ్రిమెంట్‌లో రాయించు. ముందున్న రోడ్డు వెడల్పు చేసే ప్లాన్ ఏమన్నా ఉందా అని మున్సిపల్ ఆఫీసులో అడుగు, ముందు గోడ రోడ్డుకు ఆనుకునే ఉంది.

దస్తావేజులో 140 గజాలని ఉంది. నేను, అల్లుడు టేపు పెట్టి కొలిస్తే 131 దగ్గర ఆగింది. ధర మాట్లాడేటప్పుడు ముందు ఇదే చెప్పండి, ఉన్న గజాలకే డబ్బులు. తర్వాత స్లాబు ఫోటో, ఇంజనీర్ రాసిచ్చిన కాగితం చూపించండి. గొంతు పెంచాల్సిన పని లేదు. కానీ మీ దగ్గర ఎంత ఉందో, లోన్ ఎంత వస్తుందో మాత్రం ఆయనకూ మధ్యవర్తికీ చెప్పొద్దు.

కాగితంలో తక్కువ రాసి మిగతాది నోట్లుగా ఇవ్వండి అంటే ఒప్పుకోకండి. ఇంటి బయానా అయినా, మిగతా ధర అయినా ఇరవై వేలు, ఆపైన ఎంతైనా నగదుగా తీసుకోకూడదని ఆదాయ పన్ను చట్టంలో ఉంది. పైగా బ్యాంకు ఇచ్చేది కాగితంలో రాసిన ధర, వాళ్ల ఇంజనీర్ కట్టిన విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదనే. బ్యాంకు ఇంజనీర్ 24 కడితే మీ 20 లక్షల లోన్ కూడా తగ్గొచ్చు. అందుకే బయానా అగ్రిమెంట్‌లో, లోన్ రాకపోయినా, కాగితాల్లో చిక్కున్నా బయానా వాపసు ఇవ్వాలని ఒక లైను ఉండాలి. ఆ లైను రాయను అంటే చెక్కు ఇవ్వకు.

మేస్త్రీతో పని మాట్లాడేటప్పుడు మొత్తానికి ఇంత అని గుత్తకు ఇవ్వకు. గిలాబు అడుగుకు ఇంత, వైరింగ్ పాయింటుకు ఇంత అని రాసుకో. ముందు కొంత, సగం పనికి కొంత, చూసుకున్నాక మిగతాది. ఆ 1.75 లక్షలు వేరే అకౌంట్‌లో ఉండాలి, అట్లా ఒక డబ్బు ఉందని మేస్త్రీకి తెలియకూడదు. ఈ వృత్తిలో ముసలివాణ్ణయ్యాను కాబట్టి చెబుతున్నాను, డబ్బు ఉందని తెలిస్తే పని దానంతటదే పెరుగుతుంది.

25కి ఇవ్వము అంటే ఎంత దాకా పోవచ్చు అని అడుగుతావు. 26 దాకా పో. దానికి పైన కావలసిన లక్షా చిల్లర మీ అమ్మ, నేను ఇస్తాం, అప్పు కాదు. 26 దాటితే దండం పెట్టి వచ్చేయండి. ఇల్లు చేజారిందని నువ్వు ఏడుస్తావని నాకు తెలుసు, నీ పిల్లలకు ఆ వాకిలి బాగుంటుందని నాకూ ఆశగానే ఉంది. అయినా కప్పు కారే ఇంట్లో అప్పులతో నువ్వు నిద్రలేకుండా ఉండడం నేను చూడలేను.

ఆదివారం బయానా ఆపు. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, రసమట్టం, గుండు తెచ్చుకుంటాను. వాళ్లను అడిగి ఒక నిచ్చెన తెప్పించి పెట్టు, ముందు భాగం స్లాబు పైకి ఎక్కి పిట్టగోడ అంచులు, నీళ్ల గొట్టాల నోళ్లు చూడాలి, పోయినసారి అవి చూడడం కుదరలేదు. ఇంజనీర్ పదింటికల్లా వస్తే ఇద్దరం కలిసి చూస్తాం. అక్కల ఫోన్ నంబర్లు కూడా ఆ రోజే అడిగి తీసుకో.

మీ నాయిన