కోచ్ సార్ ఇంకెన్నేండ్లు టెంపరరీ? క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడలు, యువజన సేవల శాఖ మంత్రి గారికి,

మహబూబ్‌నగర్ ఫుట్‌బాల్ పిల్లల తల్లిదండ్రులు, పాత ఆటగాళ్ల తరఫున నమస్కరించి రాయునది.

మా కోచ్ సార్‌ను పర్మనెంట్ చేయమని దరఖాస్తు పెట్టినం. రసీదు చేతికిచ్చిండ్రు. కొన్నాళ్లకు పోయి ఏమైందని అడిగితే పై ఆఫీసుకు పంపినమన్నరు. పై ఆఫీసుకు పోతే కింది నుంచి రిపోర్టు రాలేదన్నరు. మళ్లీ కిందికొస్తే, సంతకం చేసిన సారు బదిలీ అయ్యిండ్రు, కొత్త సారుకు సంగతి తెల్వదు, ఇంకోసారి రాసియ్యండి అన్నరు. రాసిచ్చినం. దానికీ రసీదు ఇచ్చిండ్రు, అబద్ధమెందుకు చెప్పాలె. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేటట్టు మీకే రాస్తున్నం.

మీది పాలమూరే. మొన్నటి ప్రభుత్వంలో క్రీడల మంత్రిదీ పాలమూరే. ముఖ్యమంత్రి గారిదీ పాలమూరే, పైగా ఆయన ఫుట్‌బాల్ ఆడే మనిషి. ఇంతకన్నా మంచి జాతకం ఏ జిల్లా ఆటగాళ్లకు దొరుకుతది? కాబట్టి కాంట్రాక్టు అంటే ఏంది, రెన్యూవల్ అంటే ఏంది అని మీకు మొదటి నుంచి విప్పి చెప్పను. ఎండకాలం ముచ్చట ఒక్కటే చెప్త.

మార్చి 31తో సార్ ఆర్డరు అయిపోతది. ఏటా ఇంతే. ఏప్రిల్ 1 నుంచి కాగితం ప్రకారం ఆయన మా గ్రౌండుకు ఏమీ కాడు. రెన్యూవల్ ఫైలు హైదరాబాద్ పోతది, ఎండలన్నీ అక్కడనే ఏసీలో గడుపుకుంటది. వానలు పడి, బడులు తెరిచి, పిల్లలు కొత్త తరగతుల్లో కుదురుకున్నంక ఎప్పటికో ఆర్డరు వస్తది. కానీ పిల్లలు పొద్దుమాపు గ్రౌండులో ఉండేది ఎండకాలం సెలవుల్లోనే గదా! వేసవి శిక్షణ శిబిరం పెట్టేది మీ శాఖనే. ఫ్లెక్సీ కట్టేది మీ శాఖనే. ఆ శిబిరం నడిపేది మాత్రం ఆర్డరు లేని మనిషి. ప్రారంభోత్సవం నాడు పెద్దోళ్లంతా బంతిని తలా ఒక తన్ను తన్ని ఫొటో దిగి పోతరు. బంతి అందించే మనిషికి ఆ నెల జీతం లేదు. తర్వాతనన్నా ఆ రోజులకు కలిపి ఇస్తరా అంటే, 'ఆర్డరు లేని బ్రేక్ రోజుల్ల పని చేయమని మిమ్ముల ఎవరు అడిగిండ్రు' అని ఆఫీసులో ఎదురు అడుగుతరు. నిజమే, ఎవరూ అడగలే. పిల్లలే వచ్చి గేటు కాడ నిలబడ్డరు.

జీతం అంటున్న గానీ అది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎంతనో అంకెల్లో రాస్తే మీకే బాగుండదు.

ఒక ఏడు అండర్-17 పిల్లలకు బయటి జిల్లాలో టోర్నమెంటు పడ్డది. జట్టు వెంట పోయే కోచ్ పేరు, హోదా, ఆర్డరు నంబరు ఫారంలో నింపాలె. ఆర్డరు నంబరు కాడ ఏం రాస్తం, ఆర్డరే లేకపాయె. 'ఆర్డరు లేని మనిషిని తోలిస్తే, రేపు తొవ్వల పిల్లలకు ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది' అని సంతకం పెట్టలే. మాట న్యాయమే. మరి ఆ ఆర్డరు ఇయ్యాల్సింది ఎవరు? ఆఖరుకు బంతి ముట్టని ఇంకో సారును కోచ్ అని రాసి, మా సార్‌ను 'సహాయకుడు' అని రాసి తోలిచ్చిండ్రు. పిల్లలు సెమీస్ దాకా పోయిండ్రు. పేపర్లో ఆ ఇంకో సారు ఆధ్వర్యంలో అని పడ్డది, ఫొటోలో ఆయనే నడుమ నిలబడ్డడు. మా సార్ ఆ కటింగ్‌నే బంతులు పెట్టే గదిలో గోడకు అంటించిండ్రు. ఎందుకు సార్ అంటే, పిల్లలందరూ మంచిగ కనపడుతున్నరు గదా అన్నరు.

ఈ మనిషి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసి వచ్చినోడు. పొద్దుగాల ఐదు కాకముందే గ్రౌండుకొస్తరు. పాత డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసి, వంగి నడుచుకుంట గీతలు గీస్తరు. గీతలు గీసే మిషన్ కావాలని రాసిచ్చిన ఇండెంటులో ఉన్నది, గ్రౌండులో లేదు. నెట్టు నిండ నైలాన్ తాడు ముళ్లే. గ్రౌండులో పెద్ద మీటింగ్ జరిగిన తెల్లారి వార్మప్ వేరే తీరుగ ఉంటది. పిల్లలను అడ్డం వరుసలో నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగ నడిపిస్తరు, కంటికి దొరికిన టెంటు మేకు తీసి బకెట్లో వేయాలె. ఏ పార్టీ మీటింగైనా మేకులు ఒక్కతీరే ఉంటయ్, మిమ్ములనే అంటున్నమనుకోకుండ్రి. దీపావళికి పటాకుల దుకాణాలు లేచినంక ఇదే పని మళ్లీ ఒకసారి.

ఇక పిల్లలు. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి అమ్మానాయన బొంబాయికో పుణెకో పనికి పోతే, ఇక్కడ హాస్టళ్లలో, ముసలోళ్ల కాడ మిగిలిన పిల్లలు వీళ్లలో మస్తుమంది. మీకు చెప్పాల్నా! సాయంత్రం ఆట అయినంక నానబెట్టిన పల్లీలు, బెల్లం ఇస్తరు సార్. అది ఏ స్కీము కింద అని ఒకసారి తనిఖీకొచ్చినాయన అడిగిండు. సార్ జేబు స్కీము అని ఒక పోరడు అన్నడు, వాని నోరు మూసిపిచ్చినం.

తండా నుంచి వచ్చిన ఒక బిడ్డ ఉన్నది. కాలు చురుకు. జట్టులోకి తీసుకుందమంటే తండ్రి ఒప్పుకోవాలె, తండ్రి పుణెలో సెంట్రింగ్ పని మీద ఉన్నడు. సార్ రోజూ రాత్రి ఫోన్ చేసి బతిలాడిండ్రు. ఆడుకోని సారూ, గని నిక్కరు ఏసుకోవద్దు అన్నడట ఆ తండ్రి. సార్ లెగ్గింగ్ మీద నిక్కరు ఏపిచ్చి ఆడిపిచ్చిండ్రు. పోయిన ఏడు ఆ తండ్రే పండుగకొచ్చినప్పుడు గ్రౌండు గోడ మీద కూసుని 'కొట్టు బిడ్డా కొట్టు' అని ఒర్లుతుండె. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి పోయి భారత జట్టుకు ఆడింది, ఆ బిడ్డ పేరు మీరు చాలా సభల్లో చెప్తరు. మా తండాల్లో కూడా అసువంటి కాళ్లు ఉన్నయ్. వాటిని చూసే కన్ను ఒక్కటే ఉన్నది, దానికి మార్చి 31న గడువు అయిపోతది.

ఆఫీసుల్లో చెప్పే కారణాలు కూడా విన్నం. మొదటిది, పోస్టు శాంక్షన్ లేదు, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలె. సరే, ఒప్పియ్యండి. అందుకే గదా మంత్రి అనేది. రెండోది ఉమాదేవి. పద్ధతి ప్రకారం తీసుకోని టెంపరరీ ఉద్యోగులను అట్లనే పర్మనెంట్ చేయొద్దని 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఆ పేరు చెప్పి తలుపు పెట్టేస్తరు. అదే సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో ఏమన్నదో కూడా చదవాలె గదా సార్. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏండ్ల తరబడి ఊడ్చినోళ్లను, తోటపని చేసినోళ్లను తీసేస్తే, మళ్లీ తీసుకుని రెగ్యులర్ చేయమన్నది. దొడ్డిదారి నియామకాలను ఆపేటందుకు చెప్పిన ఉమాదేవి తీర్పును, ఏండ్లకేండ్లు చాకిరి చేసినోళ్ల మీదికి తిప్పొద్దన్నది. మా సార్ దొడ్డిదారిన రాలే. నోటిఫికేషన్ చూసి, ఇంటర్వ్యూకు పోయి, సర్టిఫికెట్లు చూపించి వచ్చిండ్రు.

మూడో కారణం నాకు నవ్వు తెప్పించింది. ఒక ఆఫీసులో ఫుట్‌బాల్ చూసే తమ్ముడు ఒకడున్నడు. 'అన్నా, మాంచెస్టర్ యునైటెడ్‌ల సోల్స్కెయర్ ముచ్చట తెల్వదా, టెంపరరీగ ఉన్నప్పుడు గెలిచిండు, పర్మనెంట్ చేయంగనే చల్లబడ్డడు' అన్నడు. తెల్సు తమ్మీ. 2018 డిసెంబర్‌లో ఆ ఇంగ్లండ్ క్లబ్బోళ్లు అప్పటి కోచ్ మౌరిన్యోను తీసేసి సోల్స్కెయర్‌ను తాత్కాలికంగా పెట్టిండ్రు, 2019 మార్చిలో మూడేండ్ల ఒప్పందం రాసిచ్చిండ్రు, 2021 నవంబర్‌లో వాట్‌ఫర్డ్ చేతిలో 4-1తో ఓడినంక పంపిచ్చిండ్రు. నడుమ ఒక సీజను లీగులో రెండో స్థానంలో నిలబెట్టిండు, అది ఎవరూ చెప్పరు. అయినా వాళ్లు మూడు నెలలు చూసి అవునో కాదో తేల్చుకున్నరు. మా సార్‌ను ఇంకెంత చూస్తరు? ఓడితే తీసేయండి, మేం అడ్డం రాము. ముందు పెట్టుకోండి.

మాలో మాకే ఒక భయం ఉన్నది, దాచిపెట్టను. పర్మనెంట్ అయితే బదిలీలుంటయ్, గద్వాలకో వనపర్తికో వేస్తే మా పిల్లల గతేందని కొందరు తల్లులు అడిగిండ్రు. పోతే పోనియ్యండి. ఒకప్పుడు ఒక్క జిల్లానే గదా, ఇప్పుడు ఐదైనయ్. అక్కడి పిల్లలు కూడా మనోళ్లే.

హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పతనం గురించి ప్రతి ఉపన్యాసంలో రహీం సాబ్ పేరు వస్తది. సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో సిటీ పోలీస్ జట్టును చేతికి తీసుకుని 1963లో కన్నుమూసేదాకా వదల్లే. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు టోర్నమెంటును వరుసగా ఐదుసార్లు గెలిపిచ్చిండు. దేశం జట్టుతో 1951లో, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇరవై ఏండ్లు ఒక్క జట్టు కాడ నిలబడ్డ మనిషి ఆయన. ఆయనను కూడా ఏటా మార్చిలో ఆపి, వానలు పడ్డంక పిలిస్తే జకార్తా దాకా పోయేటోళ్లమా? ఏటా నారు పోసి ఏటా పీకేసుకుంట, పంట ఏదని అడిగితే ఎట్ల?

2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు హైదరాబాద్‌లోనే లేదు, ఢిల్లీకి పోయింది. పోయిన క్లబ్బును మీరు ఆపలేకపోవచ్చు, అది ప్రైవేటోళ్ల వ్యాపారం. మా సార్ సంగతి అట్ల కాదు గదా. 2025 డిసెంబర్ 13న ఉప్పల్‌కు మెస్సీ వచ్చిండు. ముఖ్యమంత్రి గారు జెర్సీ ఏసుకుని మైదానంలోకి దిగిండ్రు. మా పిల్లలు గ్రౌండులో ఒక్క ఫోను చుట్టూ ఒకరి మీద ఒకరు పడి చూసిండ్రు, ముఖ్యమంత్రి గారు బంతి తన్నితే ఈలలేసిండ్రు. మాకు దాని మీద కుళ్లు లేదు, రావాలె, ఇంకా పెద్దోళ్లు రావాలె. కానీ ఆ ఒక్క సాయంత్రం మీద పెట్టిన శ్రద్ధలో ఒక్క ఆర్డరు కాగితానికి సరిపడా శ్రద్ధ పాలమూరు మీద పెట్టలేమా? కొత్త క్రీడా విధానం అని 2025 ఆగస్టులో తెచ్చిండ్రు గదా, అందులో మా సార్ ఏ పేరాలో వస్తరో వెతికి చెప్పండి, చదువుకుంటం.

మేం అడిగేది ఏందంటే, పోస్టు మంజూరు చేయించి సార్‌ను అందులో పెట్టండి. అది కాదు, నోటిఫికేషనే ఇయ్యాలె అంటే ఇయ్యండి, చేసిన సర్వీసుకు మార్కులు కలపండి, వయసు సడలించండి. అదీ ఇప్పట్లో కాదంటే కనీసం ఆ ఎండకాలం బ్రేక్ తీసేసి పన్నెండు నెలలు ఆర్డరు ఇయ్యండి, ఆగిన జీతాలు ఇప్పియ్యండి. ఏదో ఒకటి చేయండి సార్. 'పరిశీలనలో ఉన్నది' అన్న జవాబు మాత్రం వద్దు, అది మా కాడ ఇప్పటికే ఉన్నది.

ఇంకొక ముచ్చట. శంషాబాద్ దిక్కు ఒక ప్రైవేటు స్కూలోళ్లు సార్‌ను పిలుస్తున్నరు. జీతం ఎక్కువ, పన్నెండు నెలలు ఇస్తరట, ఉండటానికి గది కూడా ఇస్తమన్నరట. ఏప్రిల్‌లో చేరాలె. సార్ ఇంకా అవునన్లే, కాదన్లే. వాళ్లింట్లో మాత్రం పొమ్మనే అంటున్నరు, అనరా మరి! మార్చి 31 లోపట మీ సంతకమో, కనీసం మీ పేషీ నుంచి ఒక ఫోనో వస్తే మేం పోయి ఆయన చేతులు పట్టుకుని ఆపుతం. రాకపోతే ఆపేటందుకు మాకు ఏ మొఖం లేదు. అప్పుడు ఈ ఏటి వేసవి శిబిరం ఫ్లెక్సీ మీద కోచ్ అన్నకాడ ఎవరి పేరు రాయాలెనో మీ శాఖనే చెప్పాలె.

ఇట్లు,
ఫుట్‌బాల్ పిల్లల తల్లిదండ్రులు, పాత ఆటగాళ్ల తరఫున
ఒక పాత గోల్‌కీపర్,
మహబూబ్‌నగర్