మా పాత హార్డ్ డిస్కును ముట్టుకోకుండా తిరిగి ఇవ్వండి

పీణ్య పారిశ్రామికవాడ,
బెంగళూరు.

కస్టమర్ సేవా విభాగాధిపతి గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: మీ బెంగళూరు శాఖ నిర్లక్ష్యం వల్ల పోయిన మెయిల్స్, వారి వద్దనే ఉన్న మా హార్డ్ డిస్కు గురించి.

అయ్యా,

పీణ్యలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్ మాది. మా కంప్యూటర్ల నిర్వహణ ఒప్పందం మీ సంస్థతోనే ఉంది. ఆఫీసు కంప్యూటర్ నెమ్మదించిందని చెబితే మీ టెక్నీషియన్ వచ్చి, పాత హార్డ్ డిస్కు తీసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు అమర్చారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు కాపీ చేసి, పాత డిస్కును ఫార్మాట్ చేసి తమ వెంట తీసుకువెళ్లారు. మేము మెయిల్స్‌కు వాడే థండర్‌బర్డ్ ప్రోగ్రాంలోని మెయిల్స్ మాత్రం కాపీ చేయలేదు. అవి డాక్యుమెంట్స్‌లో ఉండవు. విండోస్ మామూలుగా చూపించని యాప్‌డేటా ఫోల్డరులో, ప్రొఫైల్స్ కింద ఉంటాయి. డిస్కు మార్చే పనిలో ఉన్నవారికి ఇది తెలియకపోతే ఎలా?

మెయిల్స్ ఏవని అడిగితే, "సర్వర్‌లో ఉంటాయి సార్, అవే వచ్చేస్తాయి" అన్నారు. మాది పాప్ ఖాతా, అంటే మెయిల్స్‌ను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దింపుకునే రకం. సర్వర్‌లో చోటు చాలదని చెప్పి, ఉత్తరం కంప్యూటర్‌లోకి దిగగానే అక్కడ తొలగిపోయేలా అమర్చింది మీ శాఖవారే. ఆ సంగతి వారి దగ్గరే నమోదై ఉండాలి.

ఆ తర్వాత చేసిన పని నన్ను మరింత బాధించింది. చేసిన పని నమోదుచేసే జాబ్ షీటు మీద "రికవరీ పూర్తి" అని రాసి, ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, దానికి వేరుగా బిల్లు వేశారు. తెరిచి చూస్తే అన్నీ ఎంఎస్‌ఎఫ్ ఫైళ్లే, అంటే థండర్‌బర్డ్ రాసుకునే సూచికలే. అవి పుస్తకం పోగొట్టి విషయసూచిక చేతిలో పెట్టినట్టు. అసలు ఉత్తరాలు ఉండేది ఎక్స్‌టెన్షన్ లేని ఇన్‌బాక్స్, సెంట్ అనే పెద్ద ఫైళ్లలో. ఆ ఫైళ్లు ఉంటే సూచికను థండర్‌బర్డ్ తానే మళ్లీ తయారుచేసుకుంటుంది. అవి లేనప్పుడు సూచికతో ఒక్క ఉత్తరమూ చదవలేం.

ఆ ఉత్తరాల్లో కొనుగోలుదారులు పంపిన డ్రాయింగులు, ఆర్డర్లు, సరుకు అందిందన్న జవాబులు ఉన్నాయి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్టే. ఒప్పందం ఉన్నా, అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. మాకు రావలసిన బకాయిల మీద వాదించాలంటే ఏ తేదీన ఎవరు ఏమి రాశారో చూపించాలి. మీ టెక్నీషియన్ కాపీ చేయకుండా వదిలేసింది మా దగ్గరున్న ఆ ఆధారాన్నే.

ఇంకా ఆశ ఉంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను. జాబ్ షీటులో క్విక్ ఫార్మాట్ అని ఉంది. అలాంటి ఫార్మాట్‌లో పాత హార్డ్ డిస్కు మీది సమాచారం, దానిపై మరొకటి రాసేదాకా చాలావరకు అలాగే ఉంటుంది. పైగా థండర్‌బర్డ్ ఒక ఫోల్డరులోని ఉత్తరాలన్నిటినీ సాదా అక్షరాల్లో ఒకే ఫైలులో వరుసగా దాస్తుంది. ఫైలు ముక్కలుగా దొరికినా, ఒక్కో ఉత్తరం ఎక్కడ మొదలైందో గుర్తుపట్టి విడదీయవచ్చు. కానీ మీ శాఖకు ఫోను చేస్తే, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి "పరీక్షిస్తున్నాం" అన్నారు. దయచేసి ఆపించండి. దాని మీద కొత్తగా ఏది రాసినా మా ఉత్తరాలు కొన్ని శాశ్వతంగా పోతాయి. దొరికిన ఫైళ్లను అదే డిస్కులో దాచడం అన్నిటికన్నా ప్రమాదం.

డిస్కును ఇక ఎవరూ ఆన్ చేయకుండా మాకు అప్పగించమని మీ శాఖకు ఈరోజే రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌కు వేసిన బిల్లు రద్దు చేయండి. రికవరీ పని మేము ఎంచుకున్న నిపుణుల చేత చేయిస్తాం, ఆ ఖర్చు మీ సంస్థ భరించాలి. డిస్కును కొరియర్‌లో పంపవద్దు. నేనే శాఖకు వచ్చి, మా జాబ్ షీటులోని సీరియల్ నంబరుతో సరిచూసుకుని, సంతకం చేసి తీసుకుంటాను.

ఇట్లు,
యూనిట్ యజమాని