పగిలిన కిటికీ అద్దాల గురించి

అందరికీ నమస్కారం. నిన్నటి గాలిదుమారానికి మన హనుమకొండ కాలనీలో నాలుగైదు ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. మా వంటింటిదీ పోయింది (సగం పని కోతులు ముందే చేసి పెట్టాయనుకోండి). ఈ రోజు నేనే బిగించాను కాబట్టి రాస్తున్నాను.

బీటవారిన అద్దానికి ముందు ప్యాకింగ్ టేపు నిలువుగా, అడ్డంగా అంటించండి. తీసేటప్పుడు ముక్కలు అంతగా రాలవు. మందపాటి చేతి తొడుగులు, చెప్పులు లేకుండా ముట్టుకోవద్దు.

పాత టేకు కిటికీల్లో అసలు పని పాత పుట్టీ (అద్దాన్ని చెక్కకు పట్టి ఉంచే ముద్ద) తీయడమే. రాయిలా బిగుసుకుని ఉంటుంది. ఉలితో కొద్దికొద్దిగా గీకాలి. తొందరపడితే చెక్క లేస్తుంది. నాకు ఒక మూల లేచింది. గాడి శుభ్రమయ్యాక చెక్కకు కాస్త అవిసె నూనె పట్టించండి. లేకపోతే ఎండిన చెక్క పుట్టీలోని నూనెను పీల్చేసుకుని, పుట్టీ పెళుసై రాలిపోతుంది.

గాడిలో అద్దం కూర్చునే పొడవు, వెడల్పు మూడేసి చోట్ల కొలిచి, తక్కువ వచ్చినదాని నుంచి 3 మిల్లీమీటర్లు తగ్గించి షాపులో చెప్పండి. వానకు చెక్క ఉబ్బుతుంది, ఆ ఖాళీ కావాలి. మామూలు కిటికీకి 4 మిల్లీమీటర్ల అద్దం చాలు. అద్దం పెట్టి కొత్త పుట్టీ పట్టించాక, రంగు వేయడానికి మాత్రం పుట్టీ పైపొర గట్టిపడేదాకా ఆగాలి, వారం పైనే పట్టవచ్చు.

అల్యూమినియం స్లైడింగ్ కిటికీలైతే మనిషిని పిలవడమే నయం.

గాజు ముక్కలను పాత పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా ఇవ్వండి. పోయినసారి చెత్తబండి అక్క చేయి తెగింది.

నా ఉలి, మిగిలిన పుట్టీ ఎవరికైనా కావాలంటే రాత్రి ఎనిమిదిలోపు వచ్చి తీసుకెళ్లండి.